నాంచారయ్య బాగుచేసిన ఫ్రిజ్

కంపెనీవాడు తయారుచెయ్యగలిగిన ఏ వస్తువునైనా నాంచారయ్య బాగుచెయ్యగలడు. బందరు మొత్తం మీద, ఆ మాటకొస్తే ఇటు గుడివాడ నుంచి అటు కోడూరు దాకా, స్క్రూడ్రైవరు పట్టుకోవడంలో అతన్ని మించినవాడు లేడు.

ఈ మాట అన్నది నాంచారయ్యే. భార్య నాగేంద్రమ్మని అడిగితే, "పట్టుకోవడం వరకూ నిజమేనండీ, గొడవంతా ఆ తర్వాతే" అంటుంది.

ఆ ఇంట్లో మిక్సీ తిరగాలంటే మూత మీద అరచెయ్యి, పక్కన మోకాలు ఆనించాలి. టేబుల్ ఫ్యాను మొహం గోడకేసి తిప్పి పెడితేనే మనిషికి గాలి తగులుతుంది. ఇస్త్రీపెట్టె కుడి సగం మాత్రమే కాలుతుంది కాబట్టి నాగేంద్రమ్మ ప్రతి చీరా రెండుసార్లు చేస్తుంది. ఏ వస్తువు బాగుచేసినా చివర్లో రెండు మూడు స్క్రూలు మిగిలేవి. "ఈ కంపెనీవాళ్ళకి బొత్తిగా పొదుపు లేదే, అవసరం లేనివన్నీ బిగించేస్తారు" అంటూ వాటిని ఊరగాయ సీసాలో వేసేవాడు నాంచారయ్య.

తొమ్మిదేళ్ళ కిందట ఒక వేసవిలో ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. మెకానిక్ విల్సన్ వచ్చి, వెనక తట్టి చూసి, "కంప్రెసర్ పోయిందండీ, కొత్త ఫ్రిజ్ చూసుకోండి" అన్నాడు. నాంచారయ్య అతనికి మజ్జిగ ఇచ్చి సాగనంపి, ఆదివారం పొద్దున్న ఫ్రిజ్ వెనక్కి దూరాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి బయటికొచ్చాడు. ఫ్రిజ్ చల్లబడుతోంది. నాలుగు స్క్రూలు మిగిలాయి. ఏ వైరు ఎక్కడ కలిపాడో అతనికీ గుర్తులేదు.

ఆ రోజు నుంచి ఆ ఫ్రిజ్‌లో పెట్టిందల్లా వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టింది.

పెరుగు పెడితే పాలయ్యేది. రాత్రి మిగిలిన గుత్తివంకాయ కూర తెల్లారేసరికి ముచ్చికలతో సహా ఆరు వంకాయలయ్యేది. ఇడ్లీ పిండి గిన్నెలో ఒక పక్క మినప్పప్పు, ఒక పక్క రవ్వ, మధ్యలో తేటగా నీళ్ళు. ఎంతసేపు ఉంచితే అంత వెనక్కి. ఒకసారి ఊరెళ్ళొచ్చేసరికి వంకాయల చోట ఊదారంగు పూలు ఉన్నాయి. నాగేంద్రమ్మ వాటిని దేవుడి పటానికి పెట్టి, పచ్చడి మెతుకులతో సరిపెట్టింది.

వీధిలో ఎవరూ దీనికి ఆశ్చర్యపోలేదు. ఫ్రిజ్ అన్నాక ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. పైగా ఉపయోగం కూడాను. పులిహోరలో ఉప్పెక్కువైందనీ, చొక్కాకి కాలర్ దగ్గర మాడిందనీ తెచ్చి, "అరగంట పెట్టి ఇవ్వండి" అనేవాళ్ళు. వెనక వాటాలో ఉండే వీరదుర్గ చేపల బజారులో గంప పెట్టుకుంటుంది. ఆవిడ ఓసారి చేపల పులుసులో ఉప్పు ఎక్కువై పట్టుకొచ్చింది. ఆ ఇంట్లో నీచు తినరు కాబట్టి కింది అరలో, మూత బిగించి, గంటసేపే అనే షరతు మీద పెట్టారు. నాగేంద్రమ్మ పరీక్ష పేపర్లు దిద్దుతూ మర్చిపోయింది.

పొద్దున్నే వీరదుర్గ గిన్నె మూత తీసి గుమ్మంలోనే కూలబడింది.

"ఏంటండీ పిన్నిగారూ ఇదీ! కోసి, కడిగి, పులుసు పెట్టి చేతికిస్తే మళ్ళీ మొదటికి తెచ్చారు! ఈ కొర్రమేనుని ఇప్పుడు ఎవరు కొయ్యాలి?"

గిన్నెలో కొర్రమేను తోకతో నీళ్ళు కొడుతోంది. పక్కన చింతకాయలు, పెంకులతో సహా.

"నన్నేం చెయ్యమంటావమ్మా? మీ బాబాయిగారి రిపేరు" అంది నాగేంద్రమ్మ.

"బతికిందనడానికి లేదు, చచ్చిందనడానికి లేదు, మా ఆయన చూస్తే నేనే వండటం మానేశానంటాడు!" అని సణుక్కుంటూ వెళ్ళింది వీరదుర్గ. చింతకాయలు మాత్రం లెక్కగా తీసుకెళ్ళింది.

ఇక మొగుడూ పెళ్ళాల సంగతి. రోజూ కాఫీ దగ్గర మొదలయ్యేది.

"కొత్త ఫ్రిజ్ కొనండి."

"దీనికేమైంది?"

"ఈ ఇంట్లో గడ్డ పెరుగు తిని తొమ్మిదేళ్ళయింది."

"పాలున్నాయిగా, తోడెయ్యి."

"తోడేసింది మళ్ళీ పాలవుతోందండీ!"

"అంటే పాలు పాడవ్వట్లేదు. అది ఫ్రిజ్ చెయ్యాల్సిన పనే కదే!"

ఇలా వాదించి వాదించి, రాత్రి పడుకోబోయే ముందు నాంచారయ్య మెత్తబడేవాడు. "సరేలే, ఆదివారం వెళ్ళి కొందాం" అనేవాడు. పొద్దున్న పంపు దగ్గర్నుంచి నీళ్ళు పట్టుకొచ్చి అడిగితే నోరు తెరిచేవాడు. "నేనా? కొంటానన్నానా? ఎప్పుడు?" ఒట్టు వేయించుకున్నా అంతే. అందరిళ్ళలో మగాళ్ళూ ఇంతేగా అని నాగేంద్రమ్మ సరిపెట్టుకుంది.

రెండు వేల ఒకటి జూన్‌లో టీచర్ల ప్రమోషన్ల లిస్టు వచ్చింది. చిలకలపూడి దగ్గర చిన్న బళ్ళో ఇరవై ఆరేళ్ళుగా ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తున్న నాగేంద్రమ్మ పేరు అందులో ఉంది. హెడ్మిస్ట్రెస్. ఖాళీ ఉన్నది నాగాయలంకలో.

నాంచారయ్య పని చేసేది ఆ లిస్టు తయారైన ఆఫీసులోనే. అయినా తన భార్య పేరు చదివి గ్లాసుడు నీళ్ళు తాగాడు. ఇంటికొచ్చి ఇంకో గ్లాసు తాగాడు.

"నాగాయలంకా! చల్లపల్లి వెళ్ళి, పులిగడ్డ దాటి, అవనిగడ్డలో ఇంకో బస్సెక్కి... రోజూ వెళ్ళొస్తావా?"

"అక్కడే గది తీసుకుంటాను. శనివారాలు వస్తాను."

"మరి నేను?"

"మీకేమండీ, వారమంతా రిపేర్లు చేసుకోండి. అడ్డెవరు?"

రెండు రోజులు నాంచారయ్య ఏ వస్తువూ విప్పలేదు. వీధి వీధంతా బెంగపెట్టుకుంది, ఈయనకేమైనా జబ్బు చేసిందా అని. మూడో రోజు సాయంత్రం భార్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ ప్రమోషన్ నాకొద్దని రాసిచ్చెయ్యి. కొత్త ఫ్రిజ్ కొంటాను. రెండు తలుపులది."

నాగేంద్రమ్మ చేతిలో చాట జారిపోయింది. తొమ్మిదేళ్ళలో ఈ మనిషి తనంతట తాను ఆ మాట అనడం ఇదే మొదలు.

"పొద్దున్నే మర్చిపోతారుగా!"

"మర్చిపోకుండా నీ ప్రమోషన్ సంగతీ, ఫ్రిజ్ సంగతీ కాగితం మీద రాసి సంతకం పెడతా. గోడకి అంటించుకో." అన్నట్టే రాసి, అంటించాడు కూడా. ఆగి, "పాతది మాత్రం ఎవరికీ ఇవ్వను. ఆ మూల ఉంటుంది" అన్నాడు.

"దాన్నేం చేసుకుంటారు?"

"ఉండనీ. నా చేతి పని."

టీచర్లలో ఇది మామూలే. భర్తకి దూరమనో, అత్తగారికి బాగాలేదనో, వచ్చిన ప్రమోషన్ వద్దని ఆడవాళ్ళు రాసిచ్చేస్తుంటారు. ఒకసారి ఆ కాగితం ఆఫీసుకి చేరిందా, ఇక రిటైరయ్యేలోగా పేరు మళ్ళీ వస్తుందన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు. అన్నీ తెలిసే నాగేంద్రమ్మ రాసింది. పిల్లలకి పలక మీద రాసిచ్చే గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసి సంతకం పెట్టింది. ఆ పూట కంచంలో అన్నం కలిపి, అలాగే చేయి కడిగేసుకుంది.

మర్నాడే కౌన్సెలింగ్. నాంచారయ్య చీకటితోనే స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, నాగేంద్రమ్మ రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాగేంద్రమ్మ పంపు దగ్గర వరసలో నిలబడి బిందె పట్టి తెచ్చేలోగా వెళ్ళిపోయాడు.

ఆవిడ రెండో బిందెకి వెళ్ళేసరికి పది కావస్తోంది. పంపు దగ్గర సంగతి విన్న వీరదుర్గ చేతిలో బిందె వదిలేసింది.

"ఫ్రిజ్ కోసమా! ఇనప డబ్బా కోసం హెడ్మేష్టారు ఉద్యోగం వదిలేశారా?"

"రెండు తలుపులదట."

"ఏడు తలుపులదైతే మాత్రం! సముద్రంలో మా ఆయన దొరికిన చేపని వదిలేస్తే నేను ఇంట్లోకి రానిస్తానా?"

నాగేంద్రమ్మ పొంగిపోతున్న బిందెనే చూస్తూ నిలబడింది. "ఇరవై ఆరేళ్ళు ఎవరో గంట కొట్టిస్తే క్లాసుకి పరిగెత్తానమ్మా. ఒక్క ఏడాదన్నా నేను గంట కొట్టించాలని ఉండేది."

"ఉండేదేంటండీ, ఉంది! పదిన్నర కాకుండా ఏ ఆఫీసులోనూ కాగితం కదలదు. రిక్షా ఎక్కండి."

నాగేంద్రమ్మ తడికాళ్ళతోనే రిక్షా ఎక్కింది.

ఆఫీసు హాల్లో అరవై మంది టీచర్లు ఒకేసారి మాట్లాడుతున్నారు. సూపరింటెండెంట్ దయామణి కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్క పేరూ పిలుస్తోంది. నాగేంద్రమ్మ గుమ్మంలో కాలు పెట్టేసరికి తన పేరే వినపడింది. దాంతోపాటు ముందు వరసలోంచి లేచిన నాంచారయ్య వీపూ కనపడింది.

"మా ఆవిడకి ఇష్టం లేదండీ మేడమ్. రాసిచ్చింది, చిత్తగించండి."

నాగేంద్రమ్మ గుమ్మంలోంచే చెయ్యెత్తింది. అప్పటికే కాగితం చేతులు మారిపోయింది.

దయామణి మడత విప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది.

"తెల్లకాగితం ఇచ్చారేంటండీ నాంచారయ్యగారూ?"

హాల్లో అరవై మందీ నోళ్ళు మూశారు. అరవై మంది టీచర్లు ఒకేసారి మాట్లాడకుండా ఉండటం ఆ భవనం కట్టాక అదే మొదటిసారి. నాంచారయ్య జేబు తడుముకున్నాడు, బోర్లించాడు, పక్కాయన జేబులోకి కూడా తొంగి చూశాడు.

"మీ ఫ్రిజ్‌లో పెట్టారా ఏంటి?" అంది దయామణి, కాఫీలో పంచదార వేశారా అన్నంత మామూలుగా.

"లేదు మేడమ్! నా జేబులోనే ఉంది! పొద్దుటి నుంచీ!"

అప్పుడు దయామణికి గుమ్మంలో నాగేంద్రమ్మ కనపడింది. "మీరే వచ్చారుగా. ఇదిగో మీ కాగితం, ఇదిగో పెన్ను. వద్దనుకుంటే మళ్ళీ రాయండి. కావాలనుకుంటే ఈ రిజిస్టర్లో సంతకం పెట్టండి. త్వరగా తేల్చండమ్మా, ఇంకా నలభై పేర్లున్నాయి."

నాగేంద్రమ్మ తెల్లకాగితాన్ని వేలితో తడిమి చూసింది. నిన్న అంత ఒత్తి రాసింది కదా, గాడి కూడా లేదు. అసలు ఎవరూ ఎప్పుడూ రాయనట్టే ఉంది. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి భర్త జేబులోనే పెట్టి, రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. నాగాయలంక ఎదురుగా సంతకం పెట్టింది. నాంచారయ్య నోరు తెరుచుకుంది, సాయంత్రం దాకా అలాగే ఉంది.

ఆ సాయంత్రం నాగేంద్రమ్మ ట్రంకుపెట్టెలో చీరలు సర్దుతూ, వంటింట్లో ఫ్రిజ్ దగ్గర ఆగి, తలుపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఏమండీ, దీన్ని నాతో తీసుకెళ్తున్నాను. మీరు కొత్తది కొనుక్కోండి."

నాంచారయ్య కాఫీ గ్లాసు బల్ల మీద కాకుండా గాల్లో పెట్టాడు. అది కింద పడింది.

"దీన్నా? తొమ్మిదేళ్ళు తీసి పారేద్దాం అన్నావు!"

"అన్నాను. ఇప్పుడు నచ్చింది."

"పెరుగు పాలవుతుందే!"

"పాలుంటే ఫ్రిజ్‌కి ఇంకేం కావాలని మీరేగా అన్నారు."

"దివిసీమ కరెంటుకి ఇది తట్టుకోదు. దారిలో వైరు కదిలితే మామూలు ఫ్రిజ్ అయిపోతుంది. నేను ఒప్పుకోను. కావాలంటే రెండు తలుపులది నువ్వు పట్టుకెళ్ళు, మూడు తలుపులది పట్టుకెళ్ళు, దీన్ని మాత్రం ముట్టుకోకు!"

పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో నాంచారయ్య ఏ వస్తువు కోసమూ ఇంత పాకులాడలేదు. నాగేంద్రమ్మ పెట్టె మూత వేసి, దగ్గరికొచ్చి, అతన్ని పైనుంచి కిందికి చూసింది. చూపు చొక్కా మీద ఆగింది.

"ఈ రెండో గుండీ ఎక్కడిది?"

"చొక్కాది."

"ఇది ఆదివారం ఊడిపోయింది. నా సూదుల డబ్బాలో పెట్టాను, ఇంకా కుట్టలేదు." వెళ్ళి డబ్బా తీసి చూసింది. గుండీ అక్కడ లేదు. "కింద మిగతా గుండీలన్నీ పాతబడ్డాయి, పైన రెండూ మెరుస్తున్నాయి. కాగితం ఉన్నది ఆ పై జేబులోనే. ఈ చొక్కాని నేను ఫ్రిజ్‌లో పెట్టలేదు. మీరు పెట్టారా?"

"చొక్కాని పెట్టలేదు" అన్నాడు నాంచారయ్య.

"మరి?"

గుమ్మంలో వీరదుర్గ గంప దించుకుని నిలబడింది. కదిలే ఉద్దేశం ఉన్నట్టు లేదు. నాంచారయ్య ఆవిడని చూశాడు, ఫ్రిజ్‌ని చూశాడు, భార్యని చూడలేక నేలకేసి చూశాడు.

"రోజూ అయితే బనీనుతోనే పని కానిచ్చేవాణ్ణి. ఇవాళ ఆఫీసు తొందరలో చొక్కా వేసేసుకున్నాను. జేబు సంగతి చూసుకోలేదు."

"ఏ పని?"

"నువ్వు పంపు దగ్గరికి వెళ్ళగానే... ఆ మధ్య అర ఊడదీసి... మోకాళ్ళ మీద కూర్చుని..." నల్లగా నిగనిగలాడుతున్న జుట్టుని రెండు చేతులతో కప్పుకున్నాడు. "అప్పట్లో నడినెత్తిన రూపాయి బిళ్ళంత బట్టతల వచ్చిందే. తొమ్మిదేళ్ళుగా రోజూ అరగంట తలకాయ అందులో పెడుతున్నాను. రాత్రి నీతో అన్న మాటలూ దాంతోపాటే పోయేవి కాబోలు. నాకు యాభై రెండొచ్చాయి గానీ, నాగేంద్రం, నా తలకి ఇంకా నలభై మూడే."