తడపొద్దన్న కాలు

మిట్టమధ్యాహ్నం పాలెంలో కుళాయి దగ్గరికి ఎవరూ వెళ్లరు. ఎందుకని అడిగితే ఎండ అంటారు. వానాకాలంలో కూడా ఎండేనా అంటే మాట మార్చేస్తారు. అసలు సంగతి పాపాయి. పదకొండేళ్ల కిందట పోయిన ఆ ముసలామె సరిగ్గా ఆ వేళకి బోదకాలు ఈడ్చుకుంటూ కుళాయి దగ్గరికి వస్తుందని, అడుగు టప్పుమని ఒకటి, జర్రుమని ఒకటి వినిపిస్తుందని చెప్పుకుంటారు.

సత్యకుమారి ఇలాంటివి నమ్మే మనిషి కాదు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఊరి సబ్‌సెంటర్లో నర్సు. దెయ్యం పట్టిందని లాక్కొచ్చిన ఆడపిల్లలకి రక్తపరీక్ష చేసి, ఐరన్ మాత్రలిచ్చి, తీసుకొచ్చిన వాళ్లకి నాలుగు చీవాట్లు పెట్టి పంపిన ఘటికురాలు. అలాంటావిడకి కూడా ఈ మధ్య ఆ అడుగు వినిపిస్తోంది. అదీ కుళాయి దగ్గర కాదు, సబ్‌సెంటర్ వరండాలో.

కాకినాడలో ట్రైనింగుకి వెళ్లొచ్చాక మొదలైంది ఇది. సబ్‌సెంటర్లో కొత్తగా చేరిన సుప్రియ అనే అమ్మాయి కూడా ఆ ట్రైనింగుకి వచ్చింది. బోదకాలుని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా అద్ది, పగుళ్లకి మందు రాస్తే చలిజ్వరాలు బాగా తగ్గుతాయని, ఆ జ్వరాలే కాలుని అంతకంతకీ పెంచుతాయని అక్కడ లెక్కలతో సహా చూపించారు. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. సత్యకుమారి మాత్రం తెర మీద అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న సంవత్సరం చూసింది. పాపాయి పోవడానికి చాలా ముందుది.

"ఇది ఇంత పాతదా?" అని అడిగింది.

"పాతదే మేడమ్. మన దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టిందండి" అని నవ్వింది సుప్రియ. ఆ పిల్ల తప్పేమీ లేదు గానీ, ఆ నవ్వు సత్యకుమారికి చెంపదెబ్బలా తగిలింది.

ఎందుకంటే పాపాయికి చెప్పింది తనే. "జ్వరం తగ్గేదాకా కాలికి నీళ్లు తగలనివ్వకు. పొడిగుడ్డ చుట్టి ఉంచు" అంది. తనకి తన సీనియర్ చెప్పింది. ఆవిడకి ఇంకెవరో చెప్పారు. వాళ్లలో ఎవరూ ఎప్పుడూ నిజమో కాదో చూసి చెప్పింది కాదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట అంత దూరం పోనక్కర్లేకపోయింది, పాపాయి గడప దాటితే సరిపోయింది. గుడ్డ కింద పుండు చీము పట్టి, విషం ఒళ్లంతా పాకి, ఐదో రోజుకి మనిషి పోయింది.

ఇప్పుడు పాపాయి కూతురు నూకరత్నానికి అదే కాలు. నలభై ఏళ్లు నిండలేదు. చేపల గంపతో ద్రాక్షారామం దాకా వెళ్లి అమ్ముకొచ్చే మనిషి, ఉగాది వెళ్లాక నాలుగోసారి జ్వరంతో పడింది. సుప్రియ రెండుసార్లు వెళ్లి టబ్బూ సబ్బూ ఇచ్చి, కడిగే పద్ధతి బొమ్మలు చూపించి వచ్చింది. మూడోసారి వెళ్లేసరికి టబ్బులో రొయ్యపొట్టు ఉంది.

"వీళ్లకి ఎంత చెప్పినా తలకెక్కదు మేడమ్" అంది సుప్రియ. సత్యకుమారి సంచి భుజాన వేసుకుంది. డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పిన మందులు తీసుకుని, మిట్టమధ్యాహ్నమే బయలుదేరింది. కుళాయి దాటగానే వెనకాల టప్పుమంది. జర్రుమంది. ఆవిడ గబగబా నడిచింది. అదీ గబగబా వచ్చింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

నూకరత్నం చాప మీద ఉంది. కాలికి పాతచీర గుడ్డ చుట్టి ఉంది. దాని కిందనుంచి చీము వాసన వస్తోంది. ఆ వాసన ఆవిడకి తెలుసు.

"విప్పు రత్నం, చూస్తాను."

"చూడండి. నీళ్లు మాత్రం వద్దండి. మీరే కదండీ చెప్పేరు."

"చెప్పాను. నేను చెప్పింది తప్పు."

నూకరత్నం మోచేతి మీద లేచింది. "తప్పు కాదండి. మీరు చెప్పిందే నిజం. ఆ చిన్న సిస్టరమ్మగారికి తెలీదు."

ఇదెక్కడి విడ్డూరం! తప్పు చేసిన మనిషి ఒప్పుకుంటుంటే, నష్టపోయిన మనిషి కాదంటోంది. సత్యకుమారి గుడ్డ మీద చెయ్యి వేసింది. నూకరత్నం కాలు లాగేసుకుంది.

"తప్పనకండి సిస్టరమ్మగారూ! అది తప్పయితే మా అమ్మని నేనేం చేసినట్టండి?"

అప్పుడు చెప్పింది. మండిపోతోందే, ఒక్క చెంబు పొయ్యవే అని పాపాయి రెండు రోజులు బతిమాలిందట. ఏట్లో పుట్టి పెరిగిన మనిషి. మూడో రోజు మధ్యాహ్నం అందరి కళ్లూ గప్పి, దేక్కుంటూ కుళాయి దాకా వెళ్లింది. చెంబు నింపింది కూడా.

"పరిగెత్తుకెళ్లి లాగేసుకున్నానండి. సిస్టరమ్మగారు వద్దన్నారు కదా, చస్తావా అని తిట్టేను. ఈ చేత్తోనే లాక్కున్నానండి."

అప్పటి జబ్బు వేరు, ఇది వేరు. ఆ ఒక్క ముక్క అంటే చాలు, నూకరత్నం కాలు కడిగించుకుంటుంది, ఇద్దరికీ గండం గడుస్తుంది. సత్యకుమారి నాలుక చివరిదాకా వచ్చింది ఆ అబద్ధం. అదే క్షణంలో గడప అవతల జర్రుమన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"చెయ్యి నీదే రత్నం. మాట నాది" అంది. "నీళ్లు పోస్తే మంచిదని అప్పటికే తెలిసిన వాళ్లున్నారు. నేను అడగలేదు, చదవలేదు. నువ్వు మీ అమ్మని బతికించుకుందామనే నా మాట విన్నావు."

"పోసుంటే బతికేదాండి?"

"ఏమో. బతికే దారి ఒకటి ఉండేది. అది నేను మూసేశాను."

నూకరత్నం ఆవిడ వైపు చూసింది. ఆ చూపులో క్షమ లేదు. "పదకొండేళ్లండి. ఇప్పుడా చెప్పడం?" అని, కాలు ముందుకి చాపింది. "కడగండి. మీరే కడగండి."

సత్యకుమారి నేల మీద చతికిలబడి ఆ కాలు ఒళ్లో పెట్టుకుంది. గుడ్డ విప్పింది. రుద్దకుండా సబ్బునురగ రాసి, చెంబుతో నీళ్లు మెల్లగా పోసింది.

"చల్లగా ఉందండి" అంది నూకరత్నం. అనేసి, తనేమందో తెలిసి, గుండెలు బాదుకుని ఏడ్చింది. సత్యకుమారికీ ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఒక్కో వేలి సందూ మెత్తటి గుడ్డతో అద్దింది.

ఏడుపు సద్దుమణిగాక నూకరత్నం చెంబు అందుకుంది. మిగిలిన నీళ్లు తన కాలి మీద పోసుకోలేదు. గడప దాకా దేక్కుంటూ వెళ్లి, ఎవరూ లేని ఆ అవతలి నేల మీద సన్నటి ధారగా, తొందర లేకుండా పోసింది.

"ఇదిగోనే అమ్మా" అంది.

సత్యకుమారి పొడిగుడ్డ పట్టుకుని లేచి వెళ్లి, అద్దడానికన్నట్టు ఆ నేల పక్కనే కూర్చుంది.