సీలు తీయని సీసా

మా ఆవిడ ఐసీయూలో నర్సు, రాత్రి డ్యూటీ. నేను సిటీ బస్సు డ్రైవర్ని, పగటి డ్యూటీ. పెళ్ళయి ఆరేళ్ళయింది. నేను లేచిన మంచం మీదే తను పడుకుంటుంది. సాయంత్రం నేనొచ్చేసరికి వెళ్ళిపోతుంది, సెలవులు కలిసి చావవు. పొద్దున ఒక్క పావుగంట మాది. పోట్లాటలు కూడా ఫ్రిజ్ మీద చీటీల్లోనే. ఆదివారం నేనన్నదానికి మంగళవారం జవాబొస్తే, అప్పటికి నాకెందుకు కోపమొచ్చిందో నాకే గుర్తుండదు.

మొన్నామధ్య ఆస్పత్రిలో రాత్రి డ్యూటీవాళ్ళకి పరీక్షలు చేశారు. మా ఆవిడ బీపీ నూట నలభై ఎనిమిది, తొంభై ఆరు. గుండెకి మంచిది కాదన్నారు డాక్టరుగారు. మందులకి ముందు లావెండర్ నూనెతో ఏమైనా తగ్గుతుందేమో చూద్దామని చిన్న సీసా ఇచ్చారు. పడుకోబోయే ముందు దూది మీద రెండు చుక్కలేసి పావుగంట వాసన పీల్చాలట. నెలకీ తగ్గకపోతే పగటి డ్యూటీకి మారుస్తారట.

ఆ ఆఖరి ముక్క విన్నాక నాకు నిద్ర పట్టలేదు. పగటి డ్యూటీ అంటే, రాత్రి పక్కకి తిరిగితే మనిషి ఉంటుంది!

వారం తర్వాత పంచదార కోసం వెతుకుతుంటే డబ్బాల వెనకాల ఆ సీసా దొరికింది. సీలు కూడా తీయలేదు. చీటీ రాయకుండా తనొచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

"ఏంటిది?"

"దొరికిపోయానా," అంది చెప్పులు విప్పుతూ. "బీపీ తగ్గితే మళ్ళీ రాత్రులే కదా. ఇంకో మూడు వారాలు నోరు మూసుకుని కూర్చో."

మూసుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ రోజంతా ఈలేసుకుంటూ బస్సు నడిపాను.

మూడోరోజు పొద్దున తను మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని ఆగిపోయింది. "ఏం లేదు, కాస్త దడ," అంది. రాత్రంతా వేరేవాళ్ళ గుండెల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి తన గుండె మీద చెయ్యేసుకుని నవ్వబోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

సీలు నేనే తీశాను. తను గింజుకుంటున్నా వినకుండా దూది ముక్కు దగ్గర పెట్టి కూర్చున్నాను. అప్పట్నుంచి రోజూ అంతే. మాకున్న ఒక్క పావుగంటా దానికే పోయింది. మాటల్లేవు. తను కళ్ళు మూసుకుని పీల్చేది, నేను ఆ మొహం చూస్తూ ఉండేవాణ్ణి. జానెడు దూరంలో ఉన్న పెళ్ళాం మీద ఇంత బెంగ పెట్టుకున్న మొగుడు ఇంకెక్కడా ఉండడు.

నెల తిరిగింది. తను ఓ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నూట ఇరవై నాలుగు, ఎనభై. కింద డాక్టరుగారి సంతకం, రాత్రి డ్యూటీ కొనసాగించవచ్చని.

"సాధించావుగా," అంది.

"బతికుంటావు కదే," అన్నాను.

"ఉంటాను. ఎవరితో?"

బయల్దేరే టైమయింది. తన భుజం మీద వేసిన చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఆ రోజు నా ఎనిమిదింటి బస్సు వెళ్ళలేదు.