రుమాలు ఎక్కింది

మోటరు మూలగడం మొదలుపెట్టగానే ముత్తన్న చేయి స్టార్టర్ మీద మోటరు ఆపే ఎర్రబొత్తం మీదికి పోయింది. అతని భార్య లింగవ్వ ఆ చేతిని పట్టుకుంది.

"ఆగు. నీళ్లు ఇప్పుడిప్పుడే రెండో సాలుకు ఎక్కినయ్."

"వెంకటి అరుస్తుండు, ఇనవస్తలేదా? రుమాలు ఎక్కిందట."

బోధన్ దారిలోని ఆ ఊళ్లో బావులన్నిటికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. మోటరు తిప్పే మూడు తీగల కరెంటు పొద్దున కాసేపే వస్తుంది. ఒకటికి మించి మోటర్లు వేస్తే అది చాలదు. మోటరు తిరగలేక మూలుగుతుంది, అలాగే వదిలేస్తే లోపలి చుట్టు మాడిపోతుంది. అందుకని బాపురావు పటేలు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక కర్ర పాతించాడు. దానికి ఆయన ఎర్రరుమాలు కట్టారంటే ఆయన మోటరు నడుస్తుందని, మిగతావాళ్లు బంద్ చేయాలని అర్థం. వంతులవారీగా అందరి గుడ్డలూ ఎక్కుతాయని మొదట్లో చెప్పాడు పెద్దమనిషి. ఆ కర్ర ఇంతవరకు ఇంకో గుడ్డను ఎరగదు.

పోయిన ఎండాకాలం ముత్తన్న రుమాలు చూసుకోక మోటరు వేశాడు. అది కాలింది. బాగుచేయించడానికి పాడిబర్రె పోయింది. అప్పటినుంచి ఎర్రగుడ్డ మాట వినబడితే చాలు, అతని చేయి దానంతటదే బొత్తం వెతుక్కుంటుంది. మొగుణ్ణి అంత పిరికివాణ్ణి చేసిన ఆ గుడ్డ మీద లింగవ్వకు ఒళ్లుమంట.

చెరుకు ఆకులు అంచులనుంచి ఎండుతున్నాయి. ఫ్యాక్టరీ కోతకు పిలిచేలోగా ఈ తడి అందకపోతే గడ తూకం పోతుంది, ఏడాది చాకిరీ మట్టిలో కలుస్తుంది. అవతల పటేలు మడి నిన్ననే నిండింది, ఇప్పటి నీళ్లు గట్టు దాటి బండ్లబాటలో పారుతున్నాయి.

"బొత్తం ముట్టకు," అని లింగవ్వ గట్టు దిగి నడిచింది.

కర్ర దగ్గర పటేలు జీతగాడు వెంకటి కాపలా ఉన్నాడు. ఆమె రుమాలు విప్పి, మడతపెట్టి అతని చేతిలో పెట్టింది. తన పసుపు చీరకొంగు అంచు చింపి కర్రకు కట్టింది.

"ఇయ్యాల నా వంతు, తమ్మీ."

"పటేలు నన్ను తంతడక్కా," అంటూ వెంకటి పటేలు బావి వైపు పరుగెత్తాడు.

రుమాలు దిగిందంటే అందరూ ఎగబడి మోటరు వేసే బొత్తాలు నొక్కడం మామూలు. పక్క బావి మీద హన్మాండ్లు కర్ర వైపు చూసి బొత్తం మీది చేయి తీసేశాడు.

"కొంగు ఎక్కింది. ఎవలూ మోటరు ఎయ్యకుండ్రి," అని అవతలి బావులకు వినబడేలా కేకేశాడు.

ఇక మూలుగుతున్నవి రెండే మోటర్లు, పటేలుదీ తమదీ. లింగవ్వ తిరిగొచ్చి తమ మోటరు మీద అరచేయి పెట్టి చూసింది. కాలుతోంది. ఆమెకూ భయమేసింది. అయినా స్టార్టర్‌కు అడ్డంగా కూర్చుంది.

వెంకటి రొప్పుతూ వచ్చాడు. "పటేలు బంద్ జెయ్యమంటుండక్కా. గిట్లనే నడిస్తే మోటరు కాలుతది."

"ఎవలది?"

"ఇద్దరిదీ."

"అయితే గదే మాట పొయి పటేలుకు చెప్పు."

వెంకటి రుమాలు భుజాన వేసుకుని వెనక్కి మళ్లాడు. రెండు మోటర్లూ మూలుగుతూనే ఉన్నాయి. ముత్తన్న తన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.