మా ఊళ్ళో నన్నెవరూ దాటరు

గ్వాల్తియేరో సైకిల్ దిగితే మామూలు మనిషే. పేకాటలో ముక్కలు దాస్తాడు, కాఫీ డబ్బులిచ్చే వేళకు బూటు లేసు కట్టుకుంటూ కూర్చుంటాడు. సైకిల్ ఎక్కాడా, మంచితనం పొంగిపొర్లుతుంది. ఆ మంచితనమే కిందటి మే నెలలో నా కొంప ముంచింది.

ఆయన మా సైకిల్ సంఘానికి పెద్ద. సంఘమంటే మరేం లేదు, సముద్రం ఒడ్డున మా చిన్న పట్నంలో మోకాళ్ళ నొప్పులున్న పది మంది మగవాళ్ళూ, వాళ్ళకంటే బాగా తొక్కే నేనూ, నా స్నేహితురాలు ఒర్నెల్లా. ఏటా మే నెలలో రెండు రోజుల యాత్ర చేస్తాం. మొదటి పూట పాత రైలుకట్ట మీద వేసిన సైకిల్ బాట. ఒక పక్క సముద్రం, మధ్యమధ్య సొరంగాల చల్లదనం, హాయిగా కబుర్లాడుకుంటూ పోవచ్చు. మధ్యాహ్నానికి కొండల వైపు తిరుగుతాం, అక్కడితో కబుర్లు బంద్. రాత్రి ఏదో ఒక కొండ ఊళ్ళో పడుకుని, మర్నాడు ఇంకో లోయలోంచి కిందికి దిగుతాం.

ఏ లోయ అన్న చర్చ వచ్చినప్పుడల్లా నా గొంతే పైన ఉండేది. పియెత్రఫోస్క ఉన్న లోయ తప్ప ఏదైనా సరే. ఆ రోడ్డంతా గతుకులు అనేదాన్ని, ఆ ఊళ్ళో మనిషన్నవాడు తాగే కాఫీ దొరకదు అనేదాన్ని. పియెత్రఫోస్క నేను పుట్టిన ఊరు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ ఊరికి నేను పదకొండేళ్ళుగా ఎందుకు వెళ్ళడం లేదో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అక్కడ మా అన్న నజారియో ఉన్నాడు. నాన్న పోయాక అమ్మ అన్న దగ్గరే ఉండేది. ఊపిరితిత్తులు పాడయ్యాక ఆ కొండ చలి పడక, కిందికి నా ఇంటికి తెచ్చుకున్నాను. రెండు చలికాలాలు నాతో ఉండి పోయింది. సముద్రం పైనున్న మా శ్మశానంలోనే పూడ్చాను. పైన నాన్న పక్కన అమ్మ కోసం ఉంచిన చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆ రోజు అన్న శ్మశానం గేటు లోపలికి కూడా రాలేదు. అందరూ వెళ్ళిపోయాక నన్ను పిలిచి, "నాన్నను ఒంటరిగా వదిలేసి అమ్మను నీ ఇంటి పక్కన పెట్టుకున్నావు. ఇవాళ్టితో నీకూ మన ఊరికీ చెల్లు" అనేసి బస్సెక్కాడు.

అలా పెట్టమన్నది అమ్మే. "పెళ్ళయింది మొదలు ఆ కొండ మీద చలికి ముడుచుకునే పడుకున్నాను. చచ్చాక కూడా అదే గతా? నన్నిక్కడే ఎండలో ఉంచు. నజారియోకి మాత్రం చెప్పకు, బాధపడతాడు" అంది. పోయేముందు తీసుకున్న మాట, ఎలా తప్పను? కోరిక అమ్మది, తిట్లు నావి. రాత్రిళ్ళు దిండుకు చెప్పుకుని ఏడ్చేదాన్ని, అన్నకు మాత్రం చెప్పలేదు.

కిందటి మేలో మేం బస చేసిన చోట ఆ ఇంటావిడ పొద్దున్నే పాలు కాస్తూ చల్లగా చెప్పింది. మేం దిగాల్సిన దారి మీద కొండచరియ విరిగిపడిందట. కిందికి పోవడానికి పియెత్రఫోస్క మీదుగా తప్ప వేరే దారి లేదట.

"మీ ఊరే కదే, చింతకాయ తిన్నట్టు ఆ మొహమేంటి?" అంది ఒర్నెల్లా.

"మోకాలు" అన్నాను.

"నీకు మోకాళ్ళున్నాయని ఇన్నేళ్ళలో ఇవాళే వింటున్నాను."

నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాను. మెడకు చుట్టుకున్న గుడ్డను ముక్కు దాకా లాక్కున్నాను. గుంపు మధ్యలో దూరి గప్‌చుప్‌గా దాటిపోతే నన్నెవరు గుర్తుపడతారు? అంతకంటే ఏమీ కోరుకోలేదు. అయితే సైకిల్ తొక్కేవాళ్ళలో ఒక మర్యాద ఉంది. పెద్ద పెద్ద పందేల్లో కూడా పాటిస్తారు. దారిలో ఎవరి ఊరొస్తే వాళ్ళను ముందుకు పంపి, మిగతావాళ్ళు వెనక్కి తగ్గుతారు. ఆ మనిషి తనవాళ్ళను పలకరించి, ముద్దులు పెట్టుకునే దాకా ఎవరూ దాటరు. ఈ మర్యాద పుట్టించిన మహానుభావుడికి తోబుట్టువులు ఉండి ఉండరు.

ఊరి మొదట్లో నీళ్ళ కుళాయి దగ్గర మొదలై చర్చి దాకా ఒకటే ఎత్తు, రాళ్ళు పరిచిన వీధి. మా చిన్నప్పుడు కంచరగాడిదలను కూడా వెనక నుంచి నెట్టి ఎక్కించేవాళ్ళు. మధ్యలో కాలు దించితే మళ్ళీ ఎక్కి తొక్కడం ఎవరి వల్లా కాదు. సరిగ్గా ఆ కుళాయి దగ్గర గ్వాల్తియేరో చెయ్యెత్తాడు.

"ఎర్సీలియా ఊరు. అందరూ వెనక్కి."

నేను నెమ్మదించాను. అందరూ నెమ్మదించారు. నేను ఇంకా నెమ్మదించాను. వెనక బ్రేకులు కీచుమన్నాయి. ఎవరో గోడకు చెయ్యి ఆనించి నిలదొక్కుకున్నారు, ఒకాయన పక్కకు ఒరిగి గులాబీ పొదలో పడ్డాడు. పడ్డవాడు కూడా నన్ను దాటలేదు.

"మీరు పదండి" అన్నాను పళ్ళు నూరుతూ.

"సిగ్గుపడకమ్మా, మేం ఇక్కడే ఉంటాం. నీ ఇష్టం వచ్చినంత సేపు మాట్లాడుకో" అన్నాడు గ్వాల్తియేరో. ఆ మొహంలో ఆ సంతోషం చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది.

ఇంక చేసేదేముంది, తొక్కాను. వీధి వీధంతా నాకే వదిలేశారు. బెంచీ మీద చిక్కుళ్ళు ఒలుస్తున్న ఇద్దరు ముసలమ్మలు తలెత్తారు.

"ఎవరే అది, దొంగలా మూతికి గుడ్డ కట్టుకుని?"

"ఇంకెవరు, నజారియో చెల్లెలు. ఆ మోచేతులు చూడు, అచ్చం వాళ్ళమ్మవే."

అన్న ఇంటి తలుపు మూసి ఉంది. అమ్మయ్య అనుకున్నాను. లేడని సంతోషించాలో, లేడే అని ఏడవాలో తెలియలేదు. అంతలో నా వీపు మీద ఒక అరచెయ్యి పడింది.

ఎత్తు ఎక్కేవాళ్ళను దారిన పోయేవాళ్ళు నాలుగడుగులు నెట్టడం మా వైపు మామూలే. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు. కానీ ఈ చెయ్యి నాకు తెలుసు. సైకిల్ నేర్చుకునేటప్పుడు నన్ను పట్టుకున్న చెయ్యి ఇది.

"తొక్కు" అన్నాడు నజారియో.

తల తిప్పితే పడతాను. అందుకని మాట్లాడిందంతా ముందు చక్రంతోనే మాట్లాడాను.

"నేనేం రాలేదు. ఆ దారి మూసేశారు, అందుకని ఇటు."

"నేనడిగానా?"

"చెయ్యి తియ్యి."

"తీస్తే దొర్లుకుంటూ కుళాయి దగ్గర తేలతావు. బరువెక్కావు కూడానూ."

"నువ్వు ముసలాడివయ్యావు. అందుకే బరువనిపిస్తోంది."

"తొక్కవే, వాగకు."

ఇల్లు దాటిపోయింది. ఇంటి పక్కన ఆలివ్ నూనె గానుగ ఉన్న కొట్టం కూడా దాటిపోయింది. ఆయన ఆపలేదు, ఇంకా గట్టిగా నెట్టాడు. అప్పుడర్థమైంది నాకు. ఇది సాయం కాదు. నన్ను తన చేత్తో తను ఊరు దాటిస్తున్నాడు. కళ్ళద్దాల కింద నీళ్ళు కారడం మొదలయ్యాయి.

"ఊళ్ళోంచి గెంటేస్తున్నావా అన్నా?"

"ఈ ఏటవాలులో ఆపితే ఇద్దరం పడి చస్తాం. పైన చదునుగా ఉంటుంది. నీకు తెలియదా?"

చర్చి ముందు చదునులో దిగాను. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. జుట్టంతా పోయింది, మొహం సున్నం కొట్టినట్టుంది. భయమేసి నా సీసా ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఏంటీ చక్కెర పాకం? ఇది తాగా మీరు కొండలెక్కేది?"

ఆయన ఊపిరి కుదుటపడే దాకా పక్కన కూర్చున్నాను. చెప్పాలా వద్దా అని తన్నుకులాడాను. అమ్మకిచ్చిన మాట ఒక పక్క, ఈ సున్నం మొహం ఒక పక్క. ఈయన ఇలా ఉన్నట్టుండి పోతే ఎవరికి చెప్పుకోను? ఇక నా వల్ల కాలేదు.

"అమ్మే అడిగింది అన్నా, సముద్రం దగ్గరే ఉంచమని. నీకు చెప్పొద్దంది."

టోపీతో మెడ తుడుచుకున్నాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నాకూ చెప్పింది. నీ దగ్గరికి దిగిన రోజు, కారెక్కుతూ. 'బతికున్నా చచ్చినా నేనింక పైకి రానురా. ఎర్సీలియాకి చెప్పకు, కంగారుపడుతుంది' అంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తెలిసుండీ ఇన్నేళ్ళు నన్ను..."

"మరెవరి మీద కోపం పెట్టుకోను?" అన్నాడు నెమ్మదిగా. "నాన్న పక్కన ఆ ఖాళీ చోటు చూసినప్పుడల్లా కడుపు రగిలిపోయేది. చచ్చిపోయిన తల్లి మీద పెట్టుకోలేను కదా. నువ్వేమో బతికున్నావు. గట్టిదానివి, తట్టుకుంటావులే అనుకున్నాను."

హెల్మెట్ తీసి నెత్తిన ఒక్కటి మొత్తుదామా అనిపించింది. తీశాను కూడా. తీరా తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"తట్టుకోలేదు" అన్నాను.

"ఊఁ" అన్నాడు నేల చూస్తూ. "నెడుతున్నప్పుడు తెలిసింది. నీ వీపు వణుకుతోంది."

కింద కుళాయి దగ్గర మావాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి. పైకి వచ్చే ధైర్యం ఎవరికీ ఉన్నట్టు లేదు.

"పొయ్యి మీద కుందేలు ఉడుకుతోంది" అన్నాడు చివరికి. "తిన్నాక బస్సుంది. నాతో కిందికి వస్తావా? ఆ గేటు దాటి ఒక్కణ్ణీ లోపలికి వెళ్ళలేను."

"ఎందుకు వెళ్ళడం?"

"అమ్మతో పోట్లాడాలి."

"పద" అన్నాను. "నేనూ పోట్లాడాలి."