నలభయ్యో పెట్టె

వెర్నా మోకాళ్ల మీద కూర్చుని ముప్ఫైతొమ్మిదో పెట్టె మూత బిగించింది. పందొమ్మిదేళ్లుగా తెల్లారితే ఇదే పని. ఎండిన డయమంటీనా ఏటి ఒడ్డున, ఎడారి రాళ్ల మైదానంలో, చిన్న జంతువుల లెక్క కోసం వేరుశనగ ముద్ద ఎర పెట్టిన రేకు పెట్టెలు తెరవడం, లోపల పడినదాన్ని గుడ్డసంచిలోకి దులిపి తూచి వదిలెయ్యడం, ఎండెక్కేలోగా అన్నీ మూసెయ్యడం. వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. గోళ్లలో వేరుశనగ వాసన సబ్బుకి పోదు.

నలభయ్యోది కనిపించలేదు.

పెట్టె ఉన్న ప్రతి పొదకీ గులాబీరంగు ప్లాస్టిక్ పీలిక కడుతుంది. ఎంత చూసినా ఆ పీలికే లేదు.

"ఏంటి వెర్నా, కళ్లద్దాలు ఎలుకలెత్తుకుపోయాయా?" బండిలోంచి డార్సీ అరిచాడు. ఆమెతోపాటే ఈ పనిలో ముసలివాడైన డ్రైవరు.

"వాగింది చాల్లే, దిగు. చెవికి రెండు గాట్లున్న తల్లి తిరిగే చోటది. పాలిస్తోందిప్పుడు."

డార్సీ వెంటనే బండి దిగాడు.

అదొక కొవారి, ఎలుకలాంటి ఎడారి జంతువు; చెవి గాట్లు వెర్నా గుర్తుకి పెట్టినవే. ఉడతంత ఉంటుంది, తోక చివర నల్లటి కుచ్చు. మూడేళ్లుగా వేరుశనగ కోసం తనంతట తనే పెట్టెలోకి నడిచొచ్చేది. మొన్న తూచినప్పుడు ఆరు చనుమొనలూ తడిగా ఉన్నాయి. పిల్లలు పక్కనున్న ఇసుకదిబ్బ కింద బొరియలో ఉన్నాయి.

ఇద్దరూ పొదపొదా వెతికారు. తొమ్మిదైంది. రాళ్లు కాలుతున్నాయి. పదింటికి డార్సీ ఓ పేడకుప్ప ముందు ఆగిపోయాడు. పచ్చిపేడ పక్కన నమిలి వదిలేసిన గులాబీరంగు పీలిక.

"పశువులు నమిలేశాయే, వెర్నా."

పెట్టె ఆ పక్క పొదలోనే ఉంది. రేకు తాకితే చెయ్యి చుర్రుమంది. పరుపుగా వేసిన దూదిని గుండ్రంగా చుట్టుకుని, మధ్యలో ముడుచుకుని ఉంది తల్లి. ఒళ్లింకా మెత్తగానే ఉంది. ఊపిరి లేదు.

వెర్నా దిబ్బ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లి ఇసుకకి చెవి ఆనించింది. లోపల పిల్లల సన్నటి కిచకిచ. రెండు చేతులతో తవ్వబోయింది.

"తవ్వకే. ఇసుక కూలి వాటి మీదే పడుద్ది."

"మరేం చెయ్యను? చెప్పు, ఏం చెయ్యను?"

డార్సీ బండిలోంచి తూకాల పుస్తకం తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

వెర్నా తల్లిని తూచింది. పుస్తకంలో బరువు రాసింది. పాలిస్తోంది అని కూడా రాసింది. తర్వాత దాని వాసన అంటిన దూదిని తెచ్చి బొరియ నోటి దగ్గర పెట్టింది.

సాయంత్రం చప్పుడు వినిపించింది. మర్నాడు కూడా, తక్కువగా. మూడోనాడు తెల్లారి ఎంతసేపు చెవి ఆనించినా ఏమీ లేదు.

దూది మీద పల్చగా ఎర్రిసుక పేరుకుంది. మధ్యలో తల్లి ఒళ్లంత గుంట అలాగే ఉంది.