వెనక సీటు

ఒళ్లు తగ్గడానికి పొట్ట కోసి చిన్నది చేసి పది నెలలైంది. జోసెట్ మనిషి సగమైంది గానీ ఆ సంగతి ఆమె బుర్రకింకా ఎక్కలేదు. చేతులున్న కుర్చీ కనిపిస్తే పట్టనేమోనని నిలబడే ఉంటుంది, గుమ్మంలో పక్కకు తిరిగి దూరుతుంది. ఆ బుర్రకు నచ్చజెప్పడానికే ఆసుపత్రి వాళ్లు మిరియమ్‌ని పెట్టారు. ఎక్కడో టొరంటోలో కూర్చుని బుధవారం బుధవారం ఫోన్లో మాట్లాడే పిల్ల. మంచిదే గానీ పట్టిన పట్టు వదలదు.

"ఇవాళ మీ ఆయన మంచుబండి ఎక్కాల్సిందే జోసెట్ గారూ. నేను లైన్లోనే ఉంటాను."

"నీకేం తల్లీ, మెట్రో రైల్లో తిరిగేదానివి!"

మంచుబండంటే మంచు మీద మోటారుతో పరిగెత్తే బండి. పెళ్లయిన కొత్తలో, చలికాలం జాతరలో, మొగుడు ఫెర్నాన్ వెనక ఆమె ఎక్కగానే అది మంచులో కూరుకుపోయింది. "క్రేన్ తెప్పించండ్రోయ్!" అని ఎవడో అరిచాడు. ఊరంతా నవ్వింది. జోసెట్ అందరికంటే గట్టిగా నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చింది. మళ్లీ ఎక్కలేదు. ఇవాళ కూడా బండి కూరుకుపోతే ఈ కోత, ఈ పస్తులు, అన్నీ దండగేనని ఆమె గట్టిగా అనుకుంది.

హెల్మెట్ కింద చెవిలో మిరియమ్‌ని పెట్టుకుని, కళ్లు మూసుకుని ఫెర్నాన్ వెనక కూర్చుంది. బండి కుంగలేదు. ఫెర్నాన్ గడ్డకట్టిన సరస్సు మీదికి ఉరికించాడు. జోసెట్ కెవ్వుమంది.

"ఊపిరి! నెమ్మదిగా ఊపిరి తీసుకోండి!"

"భయమేసి కాదే పిచ్చిదానా, హాయిగా ఉండి అరుస్తున్నా!"

అదే ఊపులో, గడ్డకు కన్నాలేసి చేపలు పట్టేవాళ్ల గుడిసెల దగ్గరికొచ్చేసరికి బండి బుసబుసమని ఆగి, వెనక్కి కుంగింది. గుడిసెల తలుపులు తెరుచుకున్నాయి. జాలరులంతా బయటికొచ్చి నిలబడ్డారు. జోసెట్ ఫెర్నాన్ భుజం పట్టి కుదిపింది.

"చూశావా? నా మూలానే!"

"ఏడిశావ్‌లే. గడ్డ మీద పేరుకున్న మంచు కింద నీళ్లు చేరాయి." ఫెర్నాన్ మోకాళ్లదాకా ఆ చల్లటి జావలోకి దిగాడు. "ముందుకు జరుగు. నువ్వు నడుపు, నేను తోస్తా."

"నేనా?"

"మరి? తేలికైనోళ్లు నడపాలి, బరువైనోళ్లు తొయ్యాలి. ఈ బొజ్జేసుకుని నేనెక్కితే ఇక్కడే ఉంటాం."

"ఏమన్నావ్? మళ్లీ అను."

"తేలికైనోళ్లన్నా! కాళ్లు కొయ్యబారుతున్నాయి, జరగవే!"

జోసెట్‌కి కన్నీళ్లూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. ముందుకు జరిగి, బొటనవేలితో మీట నొక్కింది. ఫెర్నాన్ ఒక్క తోపు తోసి బోర్లా పడ్డాడు. బండి ఎగిరి దూకింది.

"గట్టి మంచు వచ్చేదాకా ఆపకే!" అని అరిచాడు.

గట్టి మంచు వచ్చింది. ఆమె ఆపలేదు. గుడిసెల చుట్టూ ఒక చుట్టు తిరిగి, చాలక ఇంకో చుట్టు తిరిగింది. జాలరులు టోపీలు ఊపుతూ ఈలలేశారు.

"జోసెట్ గారూ! ఏమైంది? మీ ఆయనేరీ?" చెవిలో మిరియమ్ కంగారు.

"వెనక నడిచొస్తున్నాడమ్మా. ఎక్కించుకుందామనే ఉంది గానీ, బరువు మనిషి కదా, కూరుకుపోతామేమోనని భయంగా ఉంది!"