రెండో కుర్చీ

నాన్న సెలూన్‌లో రెండో కుర్చీ తనకిచ్చే రోజు కోసం అమ్మడు రెండేళ్లు కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూసింది. గాలి ఊదిన బుడగలకు సబ్బు నురగ పూసి, అవి పగలకుండా కత్తితో గీకడం నేర్చుకుంది. ఎన్ని బుడగలు పగిలాయో, ఎన్నిసార్లు మొహం నిండా నురగ చిందిందో లెక్కే లేదు. తీరా ఆ రోజు తెల్లారేసరికి, నాన్న ఇవాళొక్క పూటా కొట్టు తెరవకుండా ఉంటే బాగుండునని దేవుళ్లందరికీ దండాలు పెట్టుకుంటూ వీధిలో పరుగు తీసింది.

కారణం, స్నేహితురాలు ఫోన్‌కి పంపిన ఫొటో. పేపర్ మధ్య పేజీలో అమ్మడు ఉత్తరం పడింది.

నెల కిందట ఆ పేపర్ వాళ్లు ‘నేటి మర్యాదలు, మన సంస్కృతి’ మీద కుర్రకారు ఏమనుకుంటున్నారో రాయమన్నారు. అమ్మడుకు అసలే ముక్కు మీద కోపం. కూర్చున్న పళంగా రాసిపారేసింది. ఆడపిల్ల కాలు మీద కాలు వేసుకుంటే సంస్కృతి మంటగలిసిందని గోల పెట్టే పెద్దలే, టీవీలో పెళ్లాన్ని గేదెతో పోలిస్తే పొట్ట పట్టుకుని నవ్వుతారని రాసింది. బట్టల మీద జోకు వేస్తే యాంకరమ్మాయి అందరికంటే ముందు నవ్వాలి, నవ్వకపోతే మర్యాద తెలియని మనిషంటారు, ఇదెక్కడి మర్యాద అని అడిగింది. అక్కడితో ఆపితే ఏ గొడవా లేదు. కలం ఆగితేగా. నాన్న కొట్లో జరిగింది కూడా రాసేసింది.

పేరు రాయలేదు. కింద ‘ఒక సెలూన్ ఆయన కూతురు’ అని మాత్రం పెట్టింది. ఆ వీధికంతా సెలూన్ ఒక్కటేనన్న సంగతి అప్పుడు బుర్రకు తట్టలేదు. వేస్తారని కూడా అనుకోలేదు.

వెయ్యడం వేశారు, ఎలా వేశారని. ఆమె పెట్టిన ‘మాకు నవ్వు రాని జోకులు’ అన్న శీర్షిక తీసేసి, ‘కత్తెర సుందరికి కోపమొచ్చింది’ అని పెట్టారు. పక్కన ఎవరో అమ్మాయి బొమ్మ, ఎర్రటి పెదవుల మీద కత్తెర ఆనించుకుని మూతి ముడిచి చూస్తోంది. ఆడవాళ్ల మీద జోకులేమిటని అడిగిన ఉత్తరానికే ఇంకో జోకు తగిలించిన వాళ్లను ఏమనాలో అమ్మడుకు తిట్లు దొరకలేదు. దొరికినా తిట్టుకునే తీరిక లేదు. నాన్న కంటే ముందు ఆ పేపర్ అందుకోవాలి. లేకపోతే కుర్చీ మాట దేవుడెరుగు, నాన్న మొహం ఎలా చూడాలి?

వెళ్లేసరికి కొట్టు తీసే ఉంది. నాన్న లోపల తువ్వాళ్లు మడత పెడుతున్నాడు. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన అప్పుడే వచ్చి సెలూన్ బల్ల మీద కూర్చుని టీవీ వైపు చూస్తున్నాడు. టీవీ పెట్టి లేదు. పేపర్ ఆయన పక్కనే మడిచి ఉంది. అది చూసి అమ్మడు ప్రాణం కొంచెం కుదుటపడింది. సర్దుతున్నట్టు నటిస్తూ పేపర్ తీసుకుని, లోపలికి తిరిగి, మధ్య పేజీ లాగి నాలుగు చింపులు చింపింది. గడ్డం గీసేటప్పుడు కత్తికి అంటిన నురగ తుడవడానికి పాత పేపర్లను అరచేయంత ముక్కలు చేసి మేకుకు గుచ్చి పెడతారు. ఆ ముక్కల్లో ఈ ముక్కలూ కలిపేసి, మిగతా పేపర్ బల్ల మీద పెట్టేసింది.

గడియారాలాయన పేపర్ తిరగేసి మధ్య పేజీ ఏదని అడిగాడు. ఇవాళ రాలేదేమో బాబాయ్ అంది అమ్మడు. నిన్నగాక మొన్న కూడా ఇలాగే తక్కువ వేశాడని పేపర్ వేసేవాణ్ణి కాసేపు దులిపేసి, వీధి చివర కొట్లో తెచ్చుకుంటానని ఆయన లేచి వెళ్లిపోయాడు. చదివాక ఆయన ఊరుకునే రకం కాదు. వీధి వీధంతా వినేలా చదివిపెడతాడు.

నాన్న తువ్వాళ్లు పక్కన పెట్టి రెండో కుర్చీలో కూర్చున్నాడు. “ముందు నాకు గడ్డం చెయ్యి. చూద్దాం,” అన్నాడు.

మెడ చుట్టూ గుడ్డ కట్టింది. నీళ్లు చల్లింది, నురగ పూసింది, కొత్త బ్లేడు ఎక్కించింది. బుడగను పట్టుకున్నట్టే నాన్న చెంప మీద రెండు వేళ్లు ఆనించింది. ఒక గీత గీసి, మేకు నుంచి ముక్క లాగి కత్తి తుడిచింది. నురగలోంచి ఎర్రటి పెదవులు, వాటి మీద కత్తెర మొన పైకి తేలాయి. చటుక్కున గుప్పిట్లో నలిపేసింది.

“ఇవాళ్టి పేపర్ చింపకూడదని ఎన్నిసార్లు చెప్పాను అమ్మడూ,” అన్నాడు నాన్న. అద్దంలో ఆమెనే చూస్తున్నాడు. “నేను పొద్దున్నే చదివాన్లే.”

అమ్మడు చెయ్యి అక్కడే ఆగిపోయింది. కత్తి ఆయన కంఠం పక్కన ఉంది. గడ్డం మధ్యలో వదిలేసి ఏడవడానికి లేదు, అది ఆయన నేర్పిన మొదటి పాఠం. ఇంకో గీత గీసింది.

ఆ ఉత్తరంలో ఉన్నది ఇదీ. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం అమ్మ క్యారేజీ పట్టుకుని కొట్టు గుమ్మంలోకి వచ్చింది. వెనకే అమ్మడు. సరిగ్గా అప్పుడే టీవీలో ఒక మగవాడు చీరలో దిండ్లు కట్టుకుని, లావుపాటి పెళ్లాం వేషంలో, క్యారేజీ మోసుకుంటూ రొప్పుతూ వచ్చాడు. గడియారాలాయన టీవీ వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, పగలబడి నవ్వాడు. కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. చేతిలో కత్తి పట్టుకునే నాన్నా నవ్వాడు. అమ్మ కూడా నవ్వి, క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఇంటికొచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడింది. మర్నాటి నుంచి క్యారేజీ అమ్మడు చేతికే ఇచ్చి పంపుతోంది, మోకాళ్ల నొప్పులని.

“నేను నవ్వానా ఆ రోజు?” అడిగాడు నాన్న.

“నవ్వావు.”

“నాకు గుర్తే లేదు.”

అదే అమ్మడుకు ఇంకా బాధనిపించింది. గుర్తుండి దాచుకుని ఉంటే కోప్పడడానికైనా వీలుండేది. రెండో చెంప అయ్యాక ఆయన తల పైకెత్తి, కంఠం ఆమె చేతికి వదిలేసి, కళ్లు మూసుకుని అడిగాడు.

“అయితే మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు లేవా?”

అమ్మ గుట్టు అది. పేపర్లో రచ్చకీడ్చినదీ తానే, ఇప్పుడు నోటితో ఒప్పుకోవలసిందీ తానే. ఉన్నాయని అంటే ఈ పూట గడిచిపోతుంది. “లేవు నాన్నా,” అంది.

“అందుకేనా,” అన్నాడాయన మెల్లగా. “నెల నెలా నొప్పుల మందు తెస్తున్నాను. సీసాలు ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటాయి.”

అమ్మడు పటిక రాసి, తడిగుడ్డతో మొహం తుడిచింది. ఎక్కడా గాటు పడలేదు. ఆయన చెంపలు తడిమి చూసుకున్నాడు. భుజం మీది గుడ్డ తీసి ఆమె చేతికిచ్చాడు.

“నేను ఇంటికెళ్తున్నాను. కొట్టు చూసుకో.”

పనివేళ ఆయన కొట్టు వదిలి ఇంటికెళ్లడం అమ్మడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చాడు. ఏదో అంటాడనుకుంది. ఆయన అద్దం ముందు వంగి, దువ్వెన తీసుకుని, పెళ్లిచూపులకు వెళ్లేవాడిలా శ్రద్ధగా పాపిడి తీసుకున్నాడు. దువ్వెన నీళ్లలో వేసి వెళ్లిపోయాడు.

కాసేపటికి గడియారాలాయన మధ్య పేజీ పట్టుకుని వచ్చాడు. చదివేశాడని మొహమే చెబుతోంది. మూలనున్న టీవీ వైపు చూశాడు. “మీ నాన్న లేడా అమ్మడూ?” అన్నాడు చివరికి.

“ఇంటికెళ్లాడు.”

“మరి నాకు గడ్డం?”

“కూర్చోండి బాబాయ్.”

ఆయన చేతిలోని పేపర్ వైపు ఒకసారి, ఆమె చేతిలోని కత్తి వైపు ఒకసారి చూసి, రెండో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె గుడ్డ కట్టింది.

“ఆ రోజు ముందు నవ్వింది నేనేనా?” అన్నాడు.

“మీరే,” అంది అమ్మడు. “గడ్డం కొంచెం పైకెత్తండి.”

కత్తి పక్కన పెట్టి, ముందు నురగ పూయడం మొదలుపెట్టింది.